పల్లవి దగ్గరే ఆగిన పాట

నా చిన్నప్పుడు ఒక ముసురు సాయంత్రం, జొన్నరొట్టెలు తడుతూ పాడుతున్న అమ్మ, కీర్తనలో పల్లవి ముగించి అనుపల్లవికి పోకుండా మళ్లీ పల్లవే ఎత్తుకుంది. తర్వాతా అదే పల్లవి. ఒక్క సంగతి కూడా మారలేదు. పెనం మీద రొట్టె మాడుతున్నా ఆమె చూడలేదు.

నాన్న పొద్దున్నే అమ్మే బట్టల మూటలు ఎడ్లబండిలో వేసుకుని న్యాల్‌కల్ అంగడికి వెళ్లాడు. మధ్యాహ్నం నుంచి వాన తెరిపివ్వలేదు. దారిలో వాగుంది. కానీ దారిలో ఉన్న మనిషి గురించి దీపాలవేళ చెడుమాట అనకూడదని మా ఇంట్లో గట్టి పట్టింపు. ఇంకా రాలేదు అన్నా అపశకునమే. అందుకే అమ్మ అనలేదు, నేనూ అడగలేదు.

పాటను అలా వినడం నాకు నేర్పింది పక్కింటి అక్క. బీదరు వైపు నుంచి కోడలిగా వచ్చింది, గురువు దగ్గర సంగీతం నేర్చుకున్న మనిషి. పల్లవి ఒక పిలుపు అనేది. ఎందుకు పిలిచామో చెప్పేది అనుపల్లవి, అందుకే గొంతు అక్కడ పై షడ్జానికి ఎక్కుతుంది. చరణంలో మనసులోని గోడంతా వెళ్లబోసుకుని మళ్లీ పిలుపు దగ్గరికే వస్తాం. అప్పటికి ఆ పిలుపు మొదటిదిలా ఉండదు.

వానలో తడుస్తూ ఆమె దగ్గరికి పరుగెత్తాను. "అక్కా, అమ్మ పిలుస్తనే ఉంది. ఎందుకో చెప్తలేదు."

అక్క వచ్చి మా గడపలో కూర్చుంది. అనుపల్లవి తనే ఎత్తుకుంది, అదీ తప్పుగా, ఎక్కాల్సిన చోట జారిపోతూ.

అమ్మ తల తిప్పింది. "అట్ల కాదే! బీదర్ల నీకు గిదేనా నేర్పిన్రు?"

"మరెట్లనో నువ్వే చెప్పు వదినా. నాకు వస్తలేదు."

అమ్మ పాడింది. పై షడ్జం అందుకోబోతుండగా పాట తెగిపోయింది. పిండి చేతులతోనే ముఖం కప్పుకుని, "బండి ఇంక రాలేదే. వాగొచ్చిందో ఏమో" అంది.

"గీ ఒక్క మాట కోసమే తప్పు పాడిన," అంటూ అక్క అప్పటికే లేచి వాళ్లాయనను కేకేసింది. ఆయన మోకుతాడు, కందిలి దీపం పట్టుకుని, వీధిలో మరికొందరిని వెంటబెట్టుకుని పోయాడు. వాగు నడుమ బండి దిగబడితే, ఎడ్లను విడిచిపెట్టి, నాన్న చక్రం పట్టుకుని నిలబడి ఉన్నాడట. నీళ్లు ఛాతీదాకా వచ్చాయట. మోకు విసిరి లాగారు. మూటలన్నీ కొట్టుకుపోయాయి. నాన్న ఇంటికొచ్చాడు.

ఇప్పుడు మావారు ఝరాసంగం బడికి పాఠాలు చెప్పడానికి సైకిల్ మీద వెళ్లి వస్తారు. నేను కాలేజీలో చదువుకున్నదాన్ని, అపశకునాలు నమ్మను. అయినా ముసురు పట్టిన రోజు ఆ మాట నోట రాదు, పల్లవి చుట్టూ తిరుగుతాను. నిన్న ఆయన బాగా చీకటి పడ్డాక, తడిసి ముద్దై వచ్చారు. అప్పటిదాకా పిల్లలిద్దరూ గోడకు ఆనుకుని నా ముఖమే చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు నాకు తెలుసు.

ఈ పొద్దున వాళ్లకు తలలు దువ్వుతూ చెప్పాను. "అమ్మ పాట మొదట్లనే తిరుగుతున్నదంటే అమ్మకు భయమైతున్నట్టు. ఊకె చూసుకుంట కూసోకుండ్రి. తర్వాతది మీరు ఎత్తుకోండ్రి. తప్పైనా మంచిదే."