అమ్మవారి పీఠం కింద లైసెన్సు

మొన్న దసరా వెళ్లిన మర్నాడు పర్చూరు వైపు నుంచి గుంటూరు వస్తుంటే, ఇంకా ప్రత్తిపాడు రాకముందే పోలీసులు మా కారు ఆపారు. కారు నడుపుతున్నది మా పెద్దనాన్న మనవడు, నాకు మేనల్లుడు. వాడు సీట్లోంచి కదలకుండానే సెల్‌ఫోన్ తీసి, వేలితో అటూ ఇటూ జరిపి, లైసెన్సూ బండి కాగితాలూ అన్నీ అందులోనే చూపించాడు. కానిస్టేబుల్ నిజంగా చూశాడో లేదో గానీ, పొమ్మని చెయ్యి ఊపేశాడు. మేనల్లుడు ఆపిన పాట మళ్లీ పెట్టుకుని హాయిగా బయల్దేరాడు. ఆ రోడ్డు మీద ఖాకీ చొక్కా చెయ్యెత్తితే చాలు, ఈ వయసులో కూడా నా అరచేతులకు చెమట పడుతుంది. అదెందుకో నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుంది గానీ, వాడికి చెబితే పాట సౌండు కాస్త తగ్గించి "అవునా అత్తా" అని మళ్లీ పెంచేస్తాడు.

నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే రోజుల్లో మా నాన్న దగ్గర ఒక పిస్తోలు ఉండేది. మా ఇంట్లో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్లు కాదు, "అది" అనేవాళ్లం. అది బీరువాలో ఉందా, అది తీసుకున్నారా, పిల్లలు దాని జోలికి వెళ్లకండి, ఇలా. మిరప, పత్తి పండించుకునే రైతుకు పిస్తోలేమిటని మీకు అనుమానం రావచ్చు. దానికి కారణం ఒక గట్టు. మా పొలానికీ పెద్దనాన్న పొలానికీ మధ్య నల్లరేగడిలో రెండు మూరల వెడల్పు గట్టు ఉండేది. అది ఎవరు ఎటు జరిపారన్న మాట మీద అన్నదమ్ములిద్దరూ మొదట మాటలు మానేశారు, తర్వాత కోర్టుకెక్కారు, ఒకరోజు ఆ గట్టు మీదే ఇరువైపుల మనుషులూ తోసుకుంటే నాన్న చెయ్యి విరిగింది. చెయ్యి అతికింది గానీ మనసు అతకలేదు. పెద్దనాన్న కుటుంబంతో గుంటూరు వెళ్లిపోయి, సేద్యానికి మాత్రం వచ్చిపోతూ, మా గుమ్మం తొక్కడం మానేశాడు. నాన్న ప్రాణభయం ఉందని దరఖాస్తు పెట్టుకుని, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, పిస్తోలుకు లైసెన్సు తెచ్చుకున్నాడు. ఎవరి వల్ల భయమని అడిగిన చోట సొంత అన్న పేరే రాశాడు. ఇదేమీ రహస్యం కాదు, ఊరంతటికీ తెలిసిందే.

అన్న పేరు రాయించుకున్న ఆ పిస్తోలును నాన్న ఒక్కసారైనా పేల్చగా నేను చూడలేదు. లాల్చీ కింద, నడుముకున్న తోలు పటకాలో పెట్టుకుని తిరిగేవాడు. చేతికి గడియారం పెట్టుకున్నంత అలవాటుగా దాన్ని పెట్టుకునేవాడు, రాత్రికి గడియారంతో పాటే తీసేవాడు. ఆయన భయమంతా తగ్గిపోయాక కూడా ఆ అలవాటు మిగిలిపోయిందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

ఇక మా నాయనమ్మ. ఇద్దరు కొడుకులనూ కన్న మనిషి, చిన్నకొడుకు దగ్గర ఉంటూ పెద్దకొడుకు జీపు కనబడుతుందేమోనని పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చునే మనిషి. ఆవిడకు పిస్తోలంటే ఎంత కోపమో చెప్పలేను. అయినా ఏటా విజయదశమికి ఆయుధపూజలో కొడవళ్లు, పారలు, ట్రాక్టరు తాళం పక్కన దాన్నీ పెట్టించి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. దాని లైసెన్సు బుక్కును కూడా అడిగి తీసుకుని, పట్టుగుడ్డలో చుట్టి అమ్మవారి పీఠం కింద పెట్టేది. ఆవిడ లెక్కలో అదీ దాని పుస్తకమూ ఒక జంట. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా పీఠాన్ని కదపకూడదు, దాని కింద ఉన్నదేదీ తియ్యకూడదు. ఏమని మొక్కుకునేదో ఎవరికీ చెప్పేది కాదు గానీ, మా అందరికీ తెలుసు.

ఆ ఏడాది విజయదశమి మధ్యాహ్నం భోజనాలు అవుతుండగా ఫోను మోగింది. చేసింది పెద్దనాన్న కొడుకు, మాతో మాటలు లేని అన్నయ్య. గుంటూరు ఆసుపత్రి నుంచి చేస్తున్నాడు. "బాబాయ్, నాన్నకు బాగాలేదు. డాక్టర్లు ఆశ లేదంటున్నారు. నిన్ను ఒక్కసారి చూడాలంటున్నాడు" అన్నాడట. నాన్న ఫోను పెట్టేశాడు. అమ్మను పేరంటాళ్ల సంగతి చూసుకోమని, నన్ను తోడు రమ్మని, నాయనమ్మకు మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పొద్దని అన్నాడు. చొక్కా మార్చుకున్నాడు, గడియారం పెట్టుకున్నాడు, దేవుడి గదిలోకి వెళ్లి పళ్లెంలో కొడవళ్ల పక్కనున్న పిస్తోలు తీసి నడుముకు పెట్టుకున్నాడు. అన్నీ చెయ్యి తనంతట తాను చేసిన పనులే. పీఠం కింద ఉన్న బుక్కు ఆయనకు గుర్తు రాలేదు, వెనకే నిలబడి చూస్తున్న నాకూ గుర్తు రాలేదు.

అప్పట్లో మాకు అంబాసిడర్ ఉండేది, డ్రైవరు నడుపుతున్నాడు. దారిలో ఒకచోట నాన్న, చిన్నప్పుడు ఆ రోడ్డు మీదే అన్నయ్య తనను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని గుంటూరు తీసుకెళ్లాడని, తిరిగొచ్చేటప్పుడు తాను నిద్రపోతే పడిపోకుండా తువ్వాలుతో అన్నయ్య తన నడుముకు కట్టేసుకున్నాడని అన్నాడు. పెద్దనాన్నను ఆయన అన్నయ్య అనగా వినడం నాకు అదే మొదటిసారి.

ఎక్కడో ఏవో గొడవలు జరిగాయని ఆ వారం రోడ్ల మీద తనిఖీలు పెట్టారు. ప్రత్తిపాడు ఇంకా రాలేదనగా మా కారు ఆపి, అందరినీ దిగమన్నారు. కానిస్టేబుల్ నాన్న నడుము తడిమి ఉలిక్కిపడి ఎస్సైని పిలిచాడు. ఎస్సై పిస్తోలు తీసి చూశాడు. దాని మీద పొద్దుటి పసుపూ కుంకుమా ఇంకా అలాగే ఉన్నాయి. నాన్న లైసెన్సు ఉందని చెప్పి జేబులు తడుముకున్నాడు. ఒక జేబు తర్వాత ఒకటి, మళ్లీ మొదటి జేబు. అప్పుడు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. మా ఊళ్లో నలుగురికీ తీర్పులు చెప్పిన మనిషి, బడిలో పలక పోగొట్టుకున్న పిల్లాడిలా చూశాడు.

ఎస్సై చెడ్డవాడేమీ కాదు. అతను చెడ్డవాడైతే నాకు ఇన్నాళ్లూ తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉండేవాడు. మర్యాదగానే అడిగాడు.

"లైసెన్సు ఎందుకు ఇచ్చారండీ మీకు?"

"ప్రాణభయం ఉందని."

"ఎవరి వల్ల?"

"మా అన్నయ్య వల్లండి" అన్నాడు.

"ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నారు?"

"మా అన్నయ్య దగ్గరికేనండి."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అదెలా వినబడుతుందో మాకు తెలియలేదు. ఎస్సై పిస్తోలు వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు. ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్నాడు, చూడ్డానికి వెళ్తున్నానని నాన్న చెప్పాడు. "చూడ్డానికి వెళ్లేవాడికి ఇదెందుకండీ?" అన్నాడు ఎస్సై. ఉన్న నిజం ఒకటే, అలవాటు. అది ఆ వేళ ఆ రోడ్డు మీద ఎవరు మాత్రం నమ్ముతారు? పిస్తోలు మీ దగ్గరే ఉంచుకోండి, కావాలంటే కారూ ఉంచుకోండి, నన్ను మాత్రం ఏ బస్సులోనో పోనివ్వండి, ఒక్కసారి చూసి వచ్చి మీ ముందు నిలబడతానని నాన్న చేతులు జోడించాడు. మా నాన్న ఒకరికి చేతులు జోడించడం నేనెప్పుడూ చూడలేదు. నేనూ ఏడుస్తూ బతిమాలాను. ఎస్సై తల అడ్డంగా ఊపి, కాగితం చూపిస్తే ఈ క్షణమే పంపిస్తాననీ, లేకుంటే రేపు ఏదైనా జరిగితే తన ఉద్యోగం పోతుందనీ అన్నాడు. అతని చోట నేనున్నా అంతే అనేదాన్నేమో.

రోడ్డు పక్కనున్న ఎస్టీడీ బూతు నుంచి ఇంటికి ఫోను చేశాను. మోగీ మోగీ ఆగిపోయింది. అమ్మతో సహా అందరూ జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లి ఉంటారు, ఇంట్లో ఉన్న నాయనమ్మకు చెవులు సరిగా వినబడవు. నాన్నను చెట్టు కింద బల్ల మీద కూర్చోబెట్టి, డ్రైవరుతో నేనే వెనక్కి బయల్దేరాను. వచ్చిన దారినే, గుంటూరుకు వీపు పెట్టి, పెద్దనాన్నకు దూరంగా పోతున్న ఆ ప్రయాణమంత నరకం నా జీవితంలో మళ్లీ లేదు. రోడ్డుకు రెండువైపులా పత్తి అప్పుడే విచ్చుకుంటోంది. పండగ బట్టలు కట్టుకున్న జనం నవ్వుకుంటూ ఎదురొస్తున్నారు. వాళ్లందరి మీదా నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

నాయనమ్మ దేవుడి గది గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఉద్వాసన చెప్పకుండా ఆయుధం తీసుకుపోయాడని కొడుకు మీద మండిపడుతోంది. పీఠం కింది బుక్కు కావాలని చెవి దగ్గర గట్టిగా చెప్పాను. రేపటిదాకా కదపడానికి వీల్లేదంది. ఏవేవో అబద్ధాలు ఆడాను, ఒక్కటీ అతకలేదు. నా మొహం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పవే. నా పెద్దాడికేమైంది?"

చెప్పేశాను. ఆవిడ ఏడవలేదు. లేచి, అమ్మవారికి దణ్ణం పెట్టి, తన చేత్తోనే పీఠం పక్కకు జరిపి పట్టుగుడ్డ తీసింది. "దీనికోసం ఆఫీసులెంట తిరిగిననాడు నన్నొక్క మాట అడగలేదు మీ నాన్న. ఇయ్యాళ తియ్యాల్సింది మాత్రం నేనా?" అంది. బుక్కు నా చేతికివ్వకుండా బొడ్లో దోపుకుని, కట్టుకున్న చీరతోనే వచ్చి కారెక్కింది.

మేం తిరిగి వచ్చేసరికి ఎండ పసుపు రంగులోకి మారింది. నాన్న ఆ బల్ల మీద ఎలా కూర్చోబెట్టి వెళ్లానో అలాగే ఉన్నాడు. తల్లిని చూడగానే లేచి నిలబడ్డాడు గానీ దగ్గరికి రాలేదు. నాయనమ్మ నేరుగా ఎస్సై దగ్గరికి నడిచి బుక్కు చేతిలో పెట్టింది.

"ఇద్దరూ నా కొడుకులే బాబూ. ఒకణ్ణి ఇంకొకడి దగ్గరికి నేనే తీసుకెళ్తన్నా. నా మాట మీద పంపించు" అంది.

ఎస్సై బుక్కులో నంబరు పిస్తోలు మీది నంబరుతో సరిచూశాడు. పిస్తోలు తన దగ్గరే ఉంచి, తిరిగొచ్చేటప్పుడు తీసుకోమని రసీదు రాసిచ్చి, ఇంకేమీ అడగకుండా కారు తలుపు తనే తీశాడు. అంతే, నిమిషాల పని. ఆ నిమిషాల పని కోసం మధ్యాహ్నమంతా పోయింది.

ఆసుపత్రి వరండాలో మమ్మల్ని చూడగానే పెద్దమ్మ గోడకు ఆనుకుని అలాగే కూలబడింది. "ఇప్పటిదాకా తలుపువైపే చూశాడు మరిదిగారూ. పండగ కదా, రోడ్ల మీద రద్దీ ఉంటుంది, వస్తాడులే అని ఆయనే నాకు సర్దిచెప్పాడు" అంది. నాన్న లోపలికి వెళ్లి అన్న పాదాలు పట్టుకున్నాడు. అవి ఇంకా వెచ్చగానే ఉన్నాయని చాలా ఏళ్లకు నాతో ఒకసారి అన్నాడు. నాయనమ్మ పెద్దకొడుకు తల ఒళ్లో పెట్టుకుని జుట్టు సవరిస్తూ, ఏడుపు మధ్యలో తలెత్తి చిన్నకొడుకును కూడా దగ్గరికి రమ్మంది. వాళ్లు ముగ్గురూ ఒకచోట ఉండగా నేను చూసింది అదొక్కసారే.

కర్మకాండలన్నీ అయ్యాక నాన్న పిస్తోలు ఇంటికి తెచ్చుకోలేదు. లైసెన్సు రద్దు చేయమని రాసివ్వడానికి వెళ్తే, అక్కడి గుమాస్తా కారణం అడిగాడట. ఇప్పుడు మీకు ప్రాణభయం లేదా అన్నాడట. లేదని చెప్పి సంతకం పెట్టి వచ్చాడు. ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చుని ముద్ద కలిపి, తినకుండా లేచిపోయాడు. తర్వాత బతికినన్నాళ్లూ బయటికి వెళ్లే ముందు ఆయన చెయ్యి ఒకసారి నడుము దగ్గరికి వెళ్లి, ఖాళీగా కిందికి దిగేది.

ఇప్పుడు అన్నీ ఫోన్లోనే ఉంటాయి, ఏదీ ఇంట్లో మర్చిపోయే పనిలేదు. ఆ వేళ మా నాన్న జేబులో అలాంటిదొకటి ఉంటే అని ఈ తరం వాళ్లను చూసినప్పుడల్లా అనుకుంటాను. నాకు అసూయగానే ఉంటుంది, దాచుకోవడమెందుకు. మా రెండు కుటుంబాల పొలాలనూ ఇప్పుడు ఒకే కౌలుదారు చేస్తున్నాడు. మొన్న బయల్దేరేటప్పుడు మేనల్లుడు పొలం పక్కన కారు ఆపి, ఇందులో మాది ఎంతవరకు అత్తా అని అడిగాడు. ట్రాక్టరు తిరగడానికి అడ్డంగా ఉందని కౌలుదారు ఎప్పుడో గట్టు దున్నేశాడట. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకటే పత్తి. అద్దం దించి చాలాసేపు చూశాను. వాళ్లది ఎక్కడ అయిపోయి మాది ఎక్కడ మొదలయ్యేదో నాకు ఆనవాలు దొరకలేదు.