పూజగదిలో వెలిసిన పుట్ట

పోయినేడాది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఇంట్లో, పూజగది గుమ్మం పక్కన చిన్న మట్టిపుట్ట లేచింది. "నాగప్ప మనింటికే వచ్చుండాడప్పా, ముట్టుకోవద్దు!" అంది మా అత్త. నెలరోజులు దానికి పసుపు, కుంకుమ, పాలు అందాయి. ఇంజనీరింగ్ చదివిన నేను రోజూ దణ్ణం పెట్టుకున్నాను.

వంటింటి అల్మరాలో చెదలు కనిపించి మందు కొట్టే ఆయనను పిలిస్తే, ఆయన పుట్టను చూసి ఆగిపోయాడు. గుమ్మం చెక్కలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడిదాకా దిగింది. ఆ గుమ్మం మీదే సామానుతో నిండిన అటక ఆని ఉంది. కింద మా రెండేళ్ల పాప ఆడుకుంటోంది.

"ముందు పాపను ఎత్తుకోండి సార్!" అని అరిచాడు. ఎత్తుకుని హాల్లోకి వచ్చానో లేదో, అటక కూలింది.

"చెదలను మీరే పాలు పోసి సాకినారు కదప్పా" అన్నాడాయన నెమ్మదిగా.

ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా ముందు గుమ్మం తట్టి చూసి, తర్వాతే పాపను లోపలికి పంపుతాను. చుట్టాలు పిలవడం కాస్త తగ్గించారు.