తల వెనక చూపు

నాన్న కంచం బయట, ఉత్త బల్ల మీద అన్నం కలుపుతున్నాడు. అది మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడే బడిలో పాఠాలు చెప్పి వచ్చి కూలబడ్డాను. "సూసి తినొచ్చు కదా నాన్నా! సిన్న బచ్చావా ఏటి నువ్వు?" అని అరిచాను. తర్వాత అలా ఎన్నిసార్లు అరిచానో నాకే తెలీదు. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. అరవడానికైనా, తుడవడానికైనా నేనే.

నాన్న ముప్పయ్యేళ్ళు భిలాయి ప్లాంటులో క్రేన్ నడిపాడు. కరిగిన ఉక్కు నిండిన బానలాంటి లాడిల్‌ని కింద మనుషులు తిరుగుతుండగా ఎత్తి, పెట్టమన్న చోట పెట్టేవాడు. అలాంటి మనిషి రిటైరైన మూడేళ్ళకే, ఎదురుగా ఉన్న గ్లాసు కోసం చేత్తో తడుముకోవడం మొదలుపెట్టాడు. మెట్టు ఎక్కడుందో తెలీక కాలు ఎత్తి పట్టుకుని నిలబడిపోయేవాడు. రెండుసార్లు కళ్ళజోడు మార్పించాను. శుక్లమని కుడికంటికి ఆపరేషన్ కూడా చేయించాను. ఏమీ మారలేదు. ఎడమకన్ను కూడా చేయిస్తే అంతా సర్దుకుంటుందని నాన్న నమ్మకం. "తారీకు తీసుకున్నావేటే?" అని పొద్దునా సాయంత్రమూ ఒకటే నస. నాకు సెలవులు మిగల్లేదు. ఆ మాట చెప్పే ఓపికా లేదు.

చివరికి దుర్గ్‌లో కళ్ళ డాక్టరే, కన్ను బాగానే ఉంది, తలకి స్కాన్ తీయించండి అన్నాడు. రాయపూర్‌లో నరాల డాక్టరమ్మ నాన్నని బయట కూర్చోబెట్టి నాకు ఫిల్ము చూపించింది. తల వెనక భాగంలో మెదడు ముడుచుకుపోయింది. మడతల మధ్య నల్లటి సందులు వెడల్పయ్యాయి. కన్ను తన పని తాను చేస్తూనే ఉందట. కన్ను పంపినదాన్ని పోల్చుకునే చోట కణాలు చచ్చిపోతున్నాయట. మామూలుగా ఇలాంటి జబ్బులో ముందు జ్ఞాపకం పోతుంది, ఈ అరుదైన రకంలో ముందు చూపు పోతుంది, నయం కాదు అంది. పైకి తెలియడానికి చాలా ఏళ్ళ ముందే లోపల మొదలై ఉంటుందని కూడా అంది. నేను అరిచిన అరుపులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. కానీ తీరిగ్గా సిగ్గుపడే ఓపిక కూడా నాలో లేదు.

వారం దాకా నాన్నకి చెప్పలేదు. తారీకు అడిగితే చూద్దాం అనేదాన్ని. ఆదివారం పొద్దున్న టీ తాగుతూ మళ్ళీ అడిగాడు. ఇక దాచలేక చెప్పేశాను. రెండో ఆపరేషన్ లేదని, కంటి తప్పు కాదని, మెదడులో చూపుండే చోటు పాడవుతోందని, అది మళ్ళీ బాగవదని. తిడతాడనుకున్నాను.

"ఎప్పట్నుంచి ఉన్నాదట?" అన్నాడు నాన్న.

"నాకేటి తెలుస్తాది నాన్నా."

"సహీ సహీ సెప్పు, దాయకు. నాను క్రేన్ మీదున్నప్పుడు కూడా ఉన్నాదేటి? కింద ఎంతమంది ఉండీవోరో తెలుసా నీకు?"

"లేదు. రిటైరయ్యాకే వచ్చిందట."

"డాక్టరమ్మే సెప్పిందా?"

"ఆఁ, ఆవిడే."

నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు. "అయితే పర్లేదు. నాకేటైనా పర్లేదు."

నేను ఎదురుగా కూర్చునే ఏడ్చాను. నాన్న నా మొహంలోకే చూస్తున్నాడు. నేను ఏడుస్తున్నానని ఆయనకి తెలీలేదు.