చచ్చినవాడు మజ్జిగ అడిగిన సాయంత్రం

పోయిన నెల మా అత్త పోయింది. పొద్దున్నే పళ్లపొడి అరచేతిలో పోసుకుని పెరటి గుమ్మంలో కూర్చున్న మనిషి అట్లాగే ఒరిగిపోయింది. మధ్యాహ్నానికి ఇంటినిండా జనం. "దేవతమ్మా మీ అత్త" అని వచ్చినవాళ్లంతా నాతో అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆమెతో కాపురం చేసింది నేను. దేవతా లేదు, ఏమీ లేదు. నేను కాచిన రసం నోట్లో పోసుకుని గరిటె ఠప్పున కింద పెట్టేది. నన్ను పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. నేనూ తక్కువ తినలేదనుకోండి.

అట్లా ఏడ్చినవాళ్లే ఒకప్పుడు మా ఇంటి కాగితాలు లాక్కోబోయారు. అది చెబుతాను.

నేను కాపురానికొచ్చిన కొత్తలో, చిత్తూరులో మా వీధికి ఒక అలవాటు మొదలైంది. బడి నుంచి రిటైరైన అయ్యవారొకరు ఒక నవల కొని, కుట్టు విప్పేసి, విడికాగితాలుగా ఇంటికో భాగం పంచారు. శనివారం సాయంత్రం వరసలో ఉన్న ఇంటి తిన్నె దగ్గర అందరూ చేరాలి. ఆ ఇంటి చిన్నవాళ్లు చదవాలి, పెద్దవాళ్లు పక్కన కూర్చోవాలి. ఒక్క ఇల్లు మొండికేసినా కథ అక్కడే ఆగిపోతుంది.

మా ఇంటి వంతు వచ్చింది. మా ఆయన బెల్లం మండీ నుంచి వచ్చేసరికి బాగా పొద్దుపోయేది. అత్తకు చదువు రాదు. మిగిలింది నేను. ఎదురింటి బట్టల కొట్టాయన లేచాడు.

"కోడలు తిన్నెమీద కూసోని మగోళ్ల ముందర గొంతెత్తితే ఏం బాగుంటాది పెద్దమ్మా? ఆ కాగితాలు ఈడికియ్యి. మావోడు సదువుతాడు."

అందరూ తలలూపారు. నేను తలుపు వెనకాల ఉన్నాను. పెళ్లితో బడి మాన్పించాక అచ్చుకాగితం నా చేతికి రాలేదు. అవి కూడా పోతే ఇక ఈ జన్మకు అంట్లే అని ఏడుపొచ్చింది.

మా అత్త కాగితాలు ఒళ్లో పెట్టుకుని కొంగు కప్పేసింది.

"మా ఇంటి కాగితాలు మా కోడలే సదువుతాది. వినేవాళ్లు వినండి, లేనోళ్లు పోండి. కథేమైందో తెలీక మీకు నిద్ర పట్టకపోతే నాకేం?"

ఒక్కరూ కదల్లేదు. నామీద ప్రేమతో అన్నదనుకోకండి. ఎదురింటివాళ్లంటే ఆమెకు పడదు. ఇప్పటికీ నేను సగం అట్లాగే అనుకుంటాను.

నేను తిన్నెమీదికొచ్చి కూర్చున్నాక అత్త ఒక్కో కాగితమే తీసి ఇచ్చింది. "గట్టిగా సదువు మే, కూడు తినలేదా?" అని అందరి ముందరే కసిరింది. మధ్యలో కాళ్లు తిమ్మిరెక్కి కదిలేసరికి ఒళ్లో కాగితాలు జారిపోయి కలిసిపోయాయి. ఏరి, చేతికి దొరికింది దొరికినట్టు ఇచ్చింది. నేనూ ఆ వేగంలో చూసుకోకుండా చదివేశాను. ఒక కాగితంలో పాడెక్కిన ముసలాయన తరవాతి కాగితంలో పెళ్లాన్ని మజ్జిగ అడిగాడు.

కొట్టాయన పగలబడి నవ్వాడు. మా అత్త అతనివైపు తిరిగింది.

"నగతావేందబ్బా? తాగనీ మజ్జిగ. ఆయప్పను సంపేదానికి నీకేం తొందర?"

ఈసారి వీధంతా నవ్వింది, కొట్టాయన్ని చూసి. ఆ తరవాత ఎన్ని నవలలు వచ్చినా మా ఇంటి వంతు నాదే. ఆ మేలు మరిచిపోలేదని ఆమె బతికుండగా నేను చెప్పలేదు. చెప్పినా "పొయ్యిమీద పాలు సూడు పో" అనేదే.

కర్మలయ్యాక మొన్న శనివారం మా తిన్నె దగ్గర చేరారు. "పెద్దమ్మ గుర్తుగా ఆ పాత కథే సదువమ్మా" అన్నాడు అదే కొట్టాయన, కళ్లు తుడుచుకుంటూ. లేచిపొమ్మని అనాలనిపించింది. కానీ కాగితాలు ఆమె దాచుకున్నవి. తీశాను, నా ఒళ్లోనే పెట్టుకున్నాను.

గొంతు సన్నగిల్లిపోయింది. కసిరేవాళ్లు లేరు. ముసలాయన్ను పాడెమీదికి ఎత్తిన కాగితం చదివి, తరవాతిది తీశాను. వరస తప్పలేదు. ఎవరూ మజ్జిగ అడగలేదు.