ఊఁ అంటేనే కదిలే కథ

రెండో కాన్పయిన మా బిడ్డకు సాయంగా ఇప్పుడు ఆదిలాబాద్‌లో వాళ్లింట్లోనే ఉంటున్నాను. మొన్న మా మనవరాలు ఉయ్యాల పక్కన నిలబడి, తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, "అమ్మమ్మా, గీన్ని దవాఖానల వాపస్ ఇచ్చి రా" అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ మాట నా నోట్లోంచి దొంగిలించినట్టే అనిపించింది. మా చెల్లె పుట్టినప్పుడు దాన్ని అంగట్లో అమ్మి రమ్మని బాపును బతిమాలినదాన్ని నేనే మరి.

మాది కరీంనగర్ వైపు మగ్గాల ఊరు. లోపల బాపు నేస్తుంటే, నాయనమ్మ గడప పక్కన కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. చెల్లె రాగానే, మేం అవ్వ అని పిలిచే అమ్మ ఒడి దానిదైపోయింది, అవ్వ నవ్వు కూడా దానికే పోయింది, నాకు మిగిలింది విసుగొక్కటే. మూతి ముడుచుకుని తిరుగుతున్న నన్ను నాయనమ్మ పిలిచి, నూలు చిక్కుపడకుండా చూసే పని అప్పగించి, కథ మొదలుపెట్టింది. ఒక రాజుకు ఇద్దరు బిడ్డలట, రాక్షసి ఒకతె వచ్చి రాణి నవ్వు ఎత్తుకుపోయి మోదుగుచెట్టు తొర్రలో దాచిందట, దాన్ని తేవడానికి అక్కాచెల్లెళ్లు అడవికి బయలుదేరారట. నాయనమ్మ కథకు ఒక కట్టుబాటు ఉండేది. ఊఁ అంటేనే రాట్నం తిరుగుతుంది, రాట్నం తిరిగితేనే కథ కదులుతుంది.

దారిలో రాక్షసి చెల్లెను గుమ్మడికాయగా మార్చేసిందనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అంత బరువు మోయడమెందుకు, అక్కడే పడేసి పొమ్మన్నాను. నాయనమ్మ తిట్టలేదు, బుద్ధులూ చెప్పలేదు.

"సరే బిడ్డా, పడేసి పోయింది. చీకటైంది. నక్కలొచ్చినయ్. ఊఁ అను."

అనలేకపోయాను. రాట్నం ఆగిపోయింది. లోపల్నుంచి చెల్లె ఏడుపు వినిపిస్తోంది. చివరికి, అక్క వెనక్కి పోయి ఎత్తుకున్నదని నేనే గొణిగాను, రాట్నం కదిలింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పడేశానో, ఎన్నిసార్లు వెళ్లి తెచ్చుకున్నానో! కోపమంతా కథలోనే ఖర్చయిపోయి, ఇంట్లో చెల్లెను గిచ్చడం తగ్గింది. ఇది నీ ఒక్కదాని కథ, ఎవరికీ చెప్పొద్దని నాయనమ్మ ఒట్టు వేయించుకుంది. నా కడుపులో నిలిచిన రహస్యం బహుశా అదొక్కటే.

పసివాణ్ణి చూడటానికి మందమర్రి నుంచి మా చెల్లె వచ్చింది. నాయనమ్మ పోయి ఏళ్లయింది, ఇంక దాచేదేముందని, దాని ముందే మనవరాలికి ఆ కథ ఎత్తుకున్నాను. గుమ్మడికాయ దాకా వచ్చానో లేదో, చెల్లె అడ్డుపడింది.

"గట్ల కాదక్కా! గుమ్మడికాయ అయింది అక్క. నాయినమ్మ నాకు తల దువ్వుకుంట రోజు చెప్పేది."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాయనమ్మకు నేనే ముద్దని ఇన్నేళ్లూ అనుకున్నాను. అదీ అచ్చం అట్లాగే అనుకున్నదట.

"మరి నన్ను అడవిల పడేసినప్పుడు ఊఁ అన్నవా?"

"ఎంబడే అన్న! చిన్నదాన్ని, అంత బరువు ఎట్ల మొయ్యాలె? నాయినమ్మ చేతిల దువ్వెనే ఆగిపోయింది. ఆఖర్కి, గుమ్మడికాయ దానంతట అదే నా ఎంట దొర్లుకుంట వచ్చిందని చెప్పింది."

కళ్లు తుడుచుకునేలా నవ్వుకున్నాం. ఇప్పటి నా ఆకారం చూస్తే నాయనమ్మ అబద్ధం చెప్పిందనీ అనలేం. నవ్వు తగ్గాక మాత్రం ఇద్దరం నాయనమ్మనే తలచుకున్నాం. ఆమె ఉండగా ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి అడిగి ఉంటే ఎంత మురిసేదో. చెరొక కథా దాచుకుని, కలిసి నవ్వుకోవలసిన ఏళ్లన్నీ ఎటో పోనిచ్చాం.

చెల్లె బస్సెక్కాక మా బిడ్డ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. "అమ్మా, ఆ కథ రికార్డు చెయ్. రేపు చిన్నోనికి గూడ గదే పెట్టొచ్చు." మంచి ఉపాయమే అనిపించి, గొంతు సవరించుకుని, మొదటినుంచి చివరిదాకా ఎక్కడా తడబడకుండా చెప్పాను.

మర్నాడు మనవరాలు ఉయ్యాల పక్కన కూర్చుని ఫోన్‌లో ఆ కథ వింటోంది. గుమ్మడికాయను పడేసే చోటు వచ్చింది. ఆ పిల్ల తమ్ముడి వైపు చూసి, నోరు తెరిచి ఏదో అనబోయింది. అప్పటికే నా గొంతు నక్కల్ని దాటి చాలా దూరం వెళ్లిపోయింది. నాయనమ్మ రాట్నమైతే ఆగి ఉండేది.