చిన్నాయన బండికి ఎయిర్ ఫిల్టర్

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ సేవలు చేయించుకున్నది మనిషి కాదు, మా చిన్నాయన బండి. పొద్దున్నే లేచి ముందు దాన్ని తుడిచాకే ఆయన తన మొహం కడుక్కునేవాడు. మా ఊరు సురంగల్‌లో వాడ మొత్తానికీ అదే మొదటి మోటార్ సైకిల్. బావి ఎండిపోయాక ఉన్న కాస్త సేద్యం మా నాన్నకు వదిలేసి, చిన్నాయన కంకర మిషన్ దగ్గర పనికి కుదిరాడు. గుట్ట నుంచి తెచ్చిన బండరాళ్లను పగలగొట్టి కంకర చేసే చోటది. ఆ జీతంతోనే బండి కొన్నాడు, ఆ జీతం చూసే పిల్లనిచ్చారు. బండి ముద్దా, పెండ్లాం ముద్దా అని మా అవ్వ ఏడిపిస్తే, నవ్వుతూ బండి తుడుచుకునేవాడు.

చిన్నమ్మ కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పెద్దల ముందు భర్తతో మాట్లాడేది కాదు. ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నా, ఇంకో రొట్టె వేసుకుంటాడేమో అడగమని నన్ను పంపేది. అంత మెత్తని మనిషి ఒక రోజు నలుగురి ముందు భర్తను నిలదీస్తుందని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

చిన్నాయనకు దగ్గు ఉండేది. అప్పుడు ఇంట్లో ఎవరికీ అది వింతగా అనిపించలేదు. వాకిట్లో దగ్గు వినపడగానే కొడుకు వచ్చాడని అవ్వ కంచం పెట్టేది. అంతగా అలవాటైపోయింది.

బండికి జబ్బు చేస్తే మాత్రం ఇల్లంతా కదిలింది. నల్లటి పొగ వదులుతోంది, చిన్న ఎత్తు ఎక్కడానికీ మొరాయిస్తోంది, పెట్రోలు ఊరికే తాగేస్తోంది. గాలి లోపలికి పోయే దారిలో దుమ్మును ఆపే ఫిల్టర్ పూడుకుపోయిందని చిన్నాయన తేల్చాడు. ఆదివారం మొయినాబాద్ బయల్దేరాడు. గాజులు కొనుక్కోవాలని చిన్నమ్మ వెనక ఎక్కింది, ఏడ్చి గోల చేసి నేను ముందు ట్యాంకు మీద ఎక్కాను.

రోడ్డు పక్కన స్పేర్ పార్టుల దుకాణం. యజమాని పెద్దమనిషి, మాటకారి. పాత ఫిల్టర్‌ను బల్లకేసి కొట్టగానే తెల్లటి రాతిపొడి కుప్పగా రాలింది. చిన్నాయన ముందు ఆయన మూడు రకాలు పెట్టాడు. ఒకటి కంపెనీది, ఒకటి అచ్చం దానిలాగే ఉన్న నకిలీది, ఇంకొకటి కడిగి మళ్లీ వాడుకునే స్పాంజిది. చిన్నాయన సంబంధం చూడ్డానికి వచ్చిన పెద్దాయనలా ఒక్కోదాన్ని ఎత్తి వెలుగులో తిప్పి చూశాడు. కాగితం మడతలు వేలితో నొక్కాడు, అంచున రబ్బరు సాగదీశాడు.

“గీ రబ్బరు సరిగ్గ కూసోదన్నా. జర సందు దొరికినా దుమ్ము లోపలికి పోతది. ఇంజన్ ఖరాబైతది” అని నకిలీదాన్ని పక్కకు నెట్టాడు.

“మొన్ననే గద తమ్మీ కొత్తది ఏసుకపోయినవ్. గింత జల్ది పూడుకపోయిందంటే బండి యాడ పనిచేస్తది?” అని అడిగాడు దుకాణదారు.

“కంకర మిషన్ కాడ. అయినా బండి ఏం పనిచేస్తదన్నా? పొద్దుగాల నన్ను దించి చెట్టు కింద ఉంటది. పొద్దంతా ఆడ పనిచేసేది నేను గద” అని చిన్నాయన నవ్వాడు.

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తన మాట తన చెవినే పడిందేమో. దుకాణదారు చేతిలో పాత ఫిల్టర్ అలాగే ఉండిపోయింది. బల్ల మీద రాతిపొడి కుప్ప ఉంది. దానివైపు చూడకుండా ఉండటం ఎవరి వల్లా కాలేదు.

అప్పుడు, బయట బండి దగ్గర నిలబడి అంతా విన్న చిన్నమ్మ మెట్టెక్కి లోపలికి వచ్చింది. దుకాణంలో నలుగురు మగవాళ్లున్నారు. వాళ్ల ముందే, ఇంట్లో భర్త మొహం వైపు చూడని ఆ మనిషి, నడిచి వెళ్లి ఆయన వీపుకు చెవి ఆనించింది.

“ఊపిరి తియ్యి” అంది.

చిన్నాయన మొహం ఎర్రబడిపోయింది. “ఏందే ఇది? నలుగుట్ల ఇజ్జత్ తీస్తున్నవ్!” అని కసిరాడు. ఆమె కదల్లేదు. “తియ్యమన్న గద” అంది మళ్లీ. ఆయన తీశాడు. చిన్నమ్మ కళ్లు మూసుకుని విని, నన్ను దగ్గరికి పిలిచి, నా తల పట్టుకుని ఆయన వీపుకు ఆనించింది. లోపల ఇసుకను జల్లెడ పడుతున్నట్టు చప్పుడు. మనిషి లోపలి నుంచి అలాంటి చప్పుడు వస్తుందని నాకు అంతవరకు తెలియదు. భయంతో ఏడుపు లంకించుకున్నాను. రోజూ ఈ వీపు మీదే గుర్రమాట ఆడేదాన్ని, ఒక్కసారీ వినలేదు.

“మిషన్ కాడ అందరు దగ్గుతరే. నా ఒక్కనికేనా?” అన్నాడు చిన్నాయన. ధైర్యం చెబుతున్నాననుకున్నాడు పాపం. అందరిలోనూ అదే పొడి నిండిందని అర్థమై దుకాణదారు చేతిలోని ఫిల్టర్ కింద పెట్టేశాడు.

చిన్నమ్మ ఏడవలేదు, అరవలేదు. “బండికి ఏది మంచిదో గింత ఎరికున్నోనివి, నీకేం మారుస్తవో చెప్పు. చెప్పకుంటే చేవెళ్ల దవాఖానకు నడువు. నువ్వు రాకుంటే నేను గీడనుంచే బస్సెక్కి మా తల్లిగారింటికి పోత” అంది. పెళ్లయ్యాక మాలో ఎవరి ముందైనా ఆమె ఆయనతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

ఆయన ఫిల్టర్ కొనకుండానే బండి తీశాడు. చేవెళ్ల దాకా అది నల్లటి పొగ కక్కుతూ, ఆగుతూ ఆగుతూ పోయింది. పరీక్షలు అయ్యాక డాక్టరు దాచలేదు. లోపలికి పోయిన రాతిపొడిని తీసే మందు లేదని, ఇంకా పోకుండా ఆపుకోవడమే మిగిలిందని చెప్పాడు. చిన్నాయన మర్నాటి నుంచి మిషన్ వైపు వెళ్లలేదు. కొన్నాళ్లకు అదే బండి మీద టమాటలు, క్యారెట్లు వేసుకుని మెహిదీపట్నంలో తిరిగి అమ్మాడు. రాబడి తగ్గిందని ఇంట్లో గొణుగుడు పుట్టింది, ఆ గొణుగుడంతా చిన్నమ్మే పడింది. దగ్గు పోలేదు, పెరగనూ లేదు. నా పెళ్లిలో అందరికన్నా ముందు పనులు అందుకున్నది ఆయనే. ఆ మిషన్ దగ్గర ఆయన పక్కన నిలబడి పనిచేసిన వాళ్లలో మాత్రం ఒక్కరూ ముసలివాళ్లు కాలేదు.

ఆ రోజు నుంచి దగ్గు విని ఊరుకోవడం నాకు చేతకాదు. ఏం పని చేస్తావని అడిగేస్తాను, ఎదుటివాళ్లు ఏమనుకున్నా సరే.

మొన్న వేసవిలో మా ఇంటికి పైఅంతస్తు వేయించాం. నేలకు పరిచే బండలను ఒకతను మిషన్‌తో కోస్తున్నాడు. దుమ్ములో మనిషే కనపడటం లేదు, మూతికి గుడ్డ ముక్క కూడా లేదు. మధ్యలో దగ్గాడు. నా ఇంట్లోనే, నా డబ్బుతోనే, నా కళ్ల ముందే. మిషన్ ఆపి వెనక్కి తిరగమన్నాను. ముసలిదానికి మతి పోయిందనుకున్నాడేమో, నా కొడుకు వారిస్తున్నా వినకుండా ఆ దుమ్ము చొక్కాకు చెవి ఆనించాను.

అదే చప్పుడు.

“నీ పెండ్లానికి ఫోన్ కలుపు బిడ్డా, నేను మాట్లాడుత” అన్నాను.