చప్పుడు చెయ్యని ఓటు

నా చిన్నప్పుడు, అంటే టీవీ అనే వస్తువు ఇంకా మా గుణదలకి దారి కనుక్కోని రోజుల్లో, రాజకీయాలు రిక్షాకి కట్టిన మైకులోనూ, సినిమాలు గోడల మీదా ఉండేవి. రెండింటి మీదా నాకు గట్టి అభిప్రాయాలే ఉండేవి. అడిగేవాళ్ళే లేరు. నాన్నకి షిఫ్టు డ్యూటీలు కాబట్టి మా ఇంట్లో సినిమాల శాఖ బాబాయిది. ఏ సినిమాకి వెళ్ళాలో ఆయనే తేల్చేసి, ఆ తర్వాత పద్ధతిగా, "అందరికీ ఇష్టమేగా? చేతులెత్తండి" అనేవాడు. నానమ్మ, అమ్మ, పిన్ని ముగ్గురూ ఎత్తేవాళ్ళు. తెర మీద ఆయన హీరో కత్తి తిప్పుతుంటే మేమంతా ఏకగ్రీవంగా ఆవలించేవాళ్ళం.

ఎన్నికలొచ్చిన ఒక ఏడాది, ఊళ్ళో ఒకేసారి రెండు కొత్త సినిమాలు పడ్డాయి. ఒకటి బాబాయి హీరోది. రెండోదాంట్లో కథానాయిక నల్లకోటు వేసుకుని కోర్టులో వాదిస్తుందట! అది చూడకపోతే అన్నం ముట్టనన్నాను. నోరు పెద్దదని రోజూ తిట్లు తినే పిల్లకి, నోరే ఉద్యోగమైన ఆడమనిషిని చూసే అవకాశం మళ్ళీ దొరుకుతుందా?

"ఆడది అరవడం చూడ్డానికి టిక్కెట్టెందుకే, ఇంట్లో నువ్వున్నావుగా!" అన్నాడు బాబాయి.

పక్కింటి అక్క బి.ఏ. చదువుతోంది. చర్చి నుంచి వస్తూ నా ఏడుపు విని మా వాకిట్లో ఆగింది. "ఊరంతా ఓట్లకి సిద్ధమవుతుంటే మీ ఇంట్లో ఈ చేతులెత్తడమేంటి బాబాయిగారూ? ఓటింగు పెట్టండి" అంది. గెలుపు మీద ఆయనకి అనుమానమే లేదు. సరేనన్నాడు.

అక్క మా ఆటల పెట్టెలోంచి చింతగింజలు, గవ్వలు తీసింది. బాబాయి సినిమాకి చింతగింజ, కోర్టు సినిమాకి గవ్వ. ఒక్కొక్కరే వంటింట్లోకి వెళ్ళి ఇత్తడి గుండిగలో ఏదో ఒకటి వేసి రావాలి. నాకూ ఓటుందని అక్క ప్రకటించేసరికి నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ముందు నానమ్మ వెళ్ళింది. ఠంగుమని మోగింది.

"అమ్మా! గవ్వేశావుగదే!" అని బాబాయి గుమ్మం దగ్గర్నుంచి పకపకా నవ్వాడు. చింతగింజ అంత గట్టిగా మోగదు మరి. నానమ్మ మొహం కందిపోయింది. కళ్ళు సరిగ్గా ఆనలేదురా అంటూ గుండిగలో చెయ్యి పెట్టి, గవ్వ తీసేసి చింతగింజ వేసింది. ఇంక నా సినిమా పోయినట్టే.

అక్క గుండిగని బోర్లించింది. పిన్నినడిగి పాత చీర తెచ్చి అడుగున మెత్తగా పరిచింది. "ఇందాకటిది చెల్లదు. మళ్ళీ మొదట్నించీ."

"ఇదేం దొంగెత్తు అమ్మాయ్?" అన్నాడు బాబాయి.

"గుమ్మంలో చెవులుంటే ఇలాగే పెట్టాలండీ."

ఈసారి అందరూ వెళ్ళొచ్చారు. చప్పుడే లేదు. అక్క చాప మీద గుమ్మరించింది. మూడు గవ్వలు, రెండు చింతగింజలు! ఒక చింతగింజ బాబాయిది. రెండోది ఎవరిదో నాకిప్పటికీ తెలీదు. కానీ అదే అందరినీ కాపాడింది. బాబాయి కళ్ళెర్రజేసి చూస్తే, "నీకే వేశాన్రా" అంది నానమ్మ. "నీకేనయ్యా" అంది అమ్మ. "మీకేనండీ" అంది పిన్ని. నేనైతే గవ్వే వేశానని వీధంతా వినబడేలా అరిచాను.

సినిమాలో ఆవిడ వాదన సగం అర్థం కాలేదు. అయినా రిక్షాలో ఇంటిదాకా నేనూ వాదిస్తూనే వచ్చాను.

అసలు ఎన్నికల రోజున నానమ్మ ఓటేసి రాగానే, "చెప్పిన గుర్తుకేగా అమ్మా?" అని బాబాయి అడిగాడు. నానమ్మ తాపీగా చెప్పులు విడుస్తూ, "అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాన్రా నాయనా. నన్నడిగారు, నేను చెప్పాను" అంది. కొడుక్కి ఆవిడ అలా జవాబివ్వడం అంతకుముందెప్పుడూ వినలేదు.

ఇప్పుడు టీవీలో పెద్దమనుషులు జనమంతా తమ వైపేనని బల్లలు గుద్దుతుంటే, ఎవరి ఎదుట అడిగారయ్యా అని నేను టీవీతోనే పోట్లాడతాను. ఇంట్లో ఎవరైనా "అందరం ఒప్పుకున్నాం" అంటే, నోరు విప్పని వాళ్ళని పక్కకి పిలిచి విడిగా ఇంకోసారి అడుగుతాను. మా కోడలిని మాత్రం నేను అడగను. నా నోరు నాకు తెలుసు కాబట్టి, వేరేవాళ్ళ చేత అడిగిస్తాను.